ఊరికే ఎత్తిన జెండా

చిక్కణ్ణ ఆ పొద్దున ఎర్రజెండా ఎత్తడం అది మూడోసారి.

తాటిచెట్టంత ఎత్తుకు దిగివచ్చిన హెలికాప్టరు ఒక్క క్షణం గాలిలో నిలబడి, కింద దుమ్మంతా రేపి, గర్జించుకుంటూ పైకి లేచి వెనక్కి తిరిగిపోయింది. తూర్పు మూలలో పచ్చజెండా పట్టుకుని నిలబడ్డ కన్నియమ్మకు కారణం కనిపిస్తూనే ఉంది. సున్నం కొట్టిన రాళ్ళ వరస దాటి ఒక గొర్రె, దాని వెనకే పిల్ల, తీరిగ్గా గడ్డి వెతుక్కుంటున్నాయి. పోనీ, అవి చిక్కణ్ణ గొర్రెలు కూడా కావు. ఎవరివో తప్పిపోయి వచ్చినవి. అతను దక్షిణం మూల నుంచి చేతికర్ర తిప్పుకుంటూ పరుగెత్తి, నోటితో టుర్రుమనిపించి వాటిని రాళ్ళ అవతలికి తోలాడు. తోలినవాడు వెంటనే వెనక్కి వచ్చి, ఎర్రజెండా దించి పచ్చది ఎత్తాడు. అంతా చెప్పినట్టే చేశాడు.

పెన్నాగరం పోయే దారిలో, ఊరికి ఎగువన ఉన్న మెట్ట పొరంబోకు నేల అది. వానలు వెనకబట్టినప్పటి నుంచి మిలిటరీ కుర్ర పైలట్లు అక్కడ దిగడం నేర్చుకుంటున్నారు. చదును చేసిన సిమెంటు మీద దిగడం ఎవరికైనా వస్తుందట, రాళ్ళూ రప్పలూ ఉన్నచోట దిగడమే విద్య అట. మధ్యలో సున్నంతో గీసిన పెద్ద వలయం, నాలుగు మూలలా నలుగురు కూలి మనుషులు, ఒక్కొక్కరికి రెండు జెండాలు. నేర్పే ఆఫీసరు కలైయరసన్ మొదటి రోజే వాళ్ళను నిలబెట్టి తమిళంలో చెప్పాడు. "మేక గానీ, మనిషి గానీ, ఎగిరే గోనెసంచి గానీ, ఏం కనబడినా ఎరుపు ఎత్తండి. అనుమానం వచ్చినా ఎత్తండి. ఎందుకెత్తావని ఎవరూ అడగరు. మీలో ఒక్కరు ఎత్తినా మేం దిగం."

ఆ మాట విని కన్నియమ్మ నోరు తెరిచింది. ఆమె చెప్పిన మాటకు ఇంతవరకు ఇంట్లో ఆవు కూడా వెనక్కి తిరిగి ఎరగదు. అంత పెద్ద యంత్రం తిరుగుతుందా?

తిరిగింది మరి. కానీ ఎందుకెత్తావని అడిగేవాడు ఒకడున్నాడు. మేస్త్రీ గుణశేఖరన్. ఈ నలుగురినీ కాంట్రాక్టరు తరఫున పనిలో పెట్టినవాడు అతనే. అతని మోటారుసైకిలు రాళ్ళ మీద ఎగురుకుంటూ వచ్చి దక్షిణం మూలలో ఆగింది. అరికాలి మంట నెత్తికెక్కి ఉన్నాడు.

"ఏమయ్యా పెద్దాయనా, ఊరికే ఊరికే ఎత్తుతావా? ఆట అనుకున్నావా?"

"గొర్రె వచ్చింది తంబీ," అన్నాడు చిక్కణ్ణ.

"వస్తే తోలు. తోలడానికే కదా నిన్ను పెట్టింది! ఒక్కోసారి ఎరుపు లేస్తే పైన ఏమని చెప్పుకుంటారో తెలుసా? కింద మనుషులు సరిగ్గా లేరు అని. కింద మనుషులంటే ఎవరు? నేను. కాంట్రాక్టరు నా మెడ పట్టుకుంటాడు." ఊపిరి తీసుకుని చెయ్యి చాపాడు. "జెండా ఇలా ఇవ్వు. ఇంటికి పో. రేపటి నుంచి రావద్దు."

కన్నియమ్మకు ఆ దూరం నుంచి అన్ని మాటలూ వినబడలేదు గానీ, చివరివి వినబడ్డాయి. చిక్కణ్ణ జెండా గుడ్డ దులిపి, కర్రకు నున్నగా చుట్టి, తనకంటే పదిహేనేళ్ళు చిన్నవాడికి రెండు చేతులతో అందించాడు. జీవాలు కాచుకునే వాళ్ళింట్లో ఎవరికి ఏదిచ్చినా అలాగే ఇస్తారు. ఆ తర్వాత ఒకసారి తూర్పు మూల వైపు చూశాడు. నిజం చెప్పే మనిషి ఒక్కరుంటే చాలునన్న చూపు అది. కన్నియమ్మ తల దించుకుని కాలి దగ్గర చీమల బారును చూస్తూ నిలబడింది. గొర్రెను నేనూ చూశానయ్యా అనడానికి నోరు రాలేదు. ఆ సిగ్గు మధ్యాహ్నం దాకా ఆమెను వదల్లేదు.

నోరు రాకపోవడానికి కారణం ఉంది. ఈ పని దొరకకముందు ఆమె తెల్లవారకముందే వ్యానెక్కి కడత్తూరు దిక్కున పసుపు తవ్వడానికి పోయేది. పోయేటప్పుడు నిలబడటానికి చోటుండదు, వచ్చేటప్పుడు నిలబడటానికి నడుముండదు. ఇక్కడైతే నిలబడే పనే గానీ వంగే పని కాదు. మధ్యాహ్నానికి ఇల్లు చేరవచ్చు. ఇది పోతే మళ్ళీ వ్యానే.

గుణశేఖరన్ అంతటితో ఆగలేదు. మిగతా మూడు మూలలకూ వచ్చి, ఎర్రజెండాలన్నీ తీసుకున్నాడు.

"ఇకమీదట ఏం కనబడినా నా వైపు చెయ్యి ఊపండి. ఎత్తాలో వద్దో నేను చూసుకుంటా. దక్షిణం మూల కూడా నేనే చూసుకుంటా."

ఉత్తరం మూల మణిమేగలై, పడమటి మూల సెల్వం తల ఊపారు. కన్నియమ్మ కూడా ఊపింది. నాలుగు ఎర్రజెండాలూ మోటారుసైకిలు పక్కనున్న పెట్టెలోకి వెళ్ళి, మూత పడింది.

మర్నాడు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా హెలికాప్టరు దిగుతూనే ఉంది, లేస్తూనే ఉంది. ఎక్కడా ఎరుపు లేదు. నాలుగు మూలలు అన్నారే గానీ, నిజానికి ఉన్నవి మూడే. గుణశేఖరన్ దక్షిణం మూలలో కాసేపు నిలబడ్డాడు. ఎండెక్కేసరికి ఫోను చెవికి ఆనించుకుని చింతచెట్టు నీడకు పోయాడు. ఒకసారి ఉత్తరం వైపు నుంచి దూడ ఒకటి తాడు ఈడ్చుకుంటూ వచ్చింది. మణిమేగలై చెయ్యి ఊపింది, ఊపింది, ఇంకా ఊపింది. చెట్టు కింద మాటలు తెగలేదు. ఆ దూడ ఏమనుకుందో ఏమో, తనంతట తనే వెనుదిరిగింది. హెలికాప్టరు దిగింది. కన్నియమ్మ గుండె మాత్రం చాలాసేపు దిగలేదు.

పని ముగిశాక కలైయరసన్, హెలికాప్టరుతో మాట్లాడే రేడియో బండి పక్కన నిలబడి, తలటోపీ అద్దాన్ని బొటనవేలితో తుడుస్తూ అడిగాడు. "ఇవాళ ఒక్క ఎరుపూ లేదే?"

"లేదు సార్. నేల శుభ్రం," అన్నాడు గుణశేఖరన్ ఛాతీ విరుచుకుని.

"నలుగురూ ఉన్నారా?"

"ఒక పెద్దాయనకు ఒళ్ళు బాగాలేదు సార్. ఆ మూల నేనే చూస్తున్నా."

ఆఫీసరు తల ఎత్తి నాలుగు దిక్కులూ ఒకసారి చూశాడు. అద్దం శుభ్రంగానే ఉంది, అయినా ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. చివరికి బండెక్కాడు. సారుకు సంతోషమైనట్టుంది అనుకుంది కన్నియమ్మ. ఎరుపు లేకపోతేనే అందరికీ సుఖం కాబోలు.

సాయంత్రం చిక్కణ్ణ ఇంటి ముందుగా పోవాల్సి వచ్చింది ఆమెకు. తప్పించుకు పోదామంటే వేరే దారి లేదు. చిక్కణ్ణ దొడ్డి తడిక బాగుచేసుకుంటున్నాడు. అతని తల్లి మారమ్మ నూర్చిన రాగుల కుప్ప ముందు, చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఆకాశాన్ని తిడుతోంది.

"గాలి సచ్చిందే కన్నీ! పంట కోసినాము, నూర్చినాము, తూర్పారబట్టాలంటే ఒక్క ఆకైనా కదలదే! ఈ పొట్టుతోనే సంగటి తినాలా?"

"రేపు వస్తాది లే పెద్దమ్మా," అంది కన్నియమ్మ. తర్వాత చిక్కణ్ణ వైపు తిరిగి, నేల చూస్తూ అంది. "అన్నా, ఆ పొద్దు నేను మాట్లాడి ఉండాల్సింది. గొర్రెను నేనూ చూసినాను."

"నువ్వు మాట్లాడుంటే నిన్నూ పొమ్మనుండును. ఇద్దరమూ ఇంట్లో కూర్చుందుము." చిక్కణ్ణ తడికకు తాడు బిగించాడు. "నాకు పని పోయిందని కాదమ్మా. ఎత్తినాక ఎందుకెత్తినావని అడిగేదానికి, మా చేతికి జెండా ఎందుకిచ్చినట్టు? రేపు నిజంగా ఏమైనా వస్తే ఎవరు ఎత్తేది?"

మారమ్మకు మాత్రం ఆ గొడవేమీ పట్టలేదు. ఆమె మనసంతా గాలి మీదే ఉంది.

"ఏమన్నా అనండి, ఆ ఎలికాప్టరు కింద గాలే గాలి! నేను పోయి చూసినాను కదా. ఆ నేల మన కళ్ళం కంటే నున్నగా ఊడ్చి ఉండాది. పేడతో అలికే పని కూడా లేదు. నన్నొక్క గడియ దాని కింద నిలబెడితే ఈ కుప్పంతా తూరిపోవును."

ముగ్గురూ నవ్వారు. మారమ్మ కూడా నవ్వింది. ముసలామె నవ్వులో నిజం ఉందని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

మూడో రోజు మంచు ఆలస్యంగా విడిచింది. కన్నియమ్మ స్నానం చేసి, మాల కళ్ళకద్దుకుని, ఎర్రచీర కట్టి బయలుదేరింది. తైపూసం పండుగ దాకా అమ్మవారి దీక్షలో శక్తి మాల వేసుకుంది గనుక వేరే రంగు కట్టకూడదు. ఎర్రచీరతో జెండా మనిషి ఏమిటని పనిలో చేరిన రోజే గుణశేఖరన్ గొణిగాడు. కలైయరసనే నవ్వి, "పైన చొక్కా వేసుకోమను, సరిపోతుంది," అన్నాడు. కూలికి పోయే ఆడవాళ్ళంతా చీర మీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కునేవాళ్ళే. ఆమె మొగుడు సెంగోడన్ తెల్లచొక్కా ఆమెకు మోకాళ్ళ దాకా వచ్చింది. కొంగు దాని లోపల దోపుకుంటే పైనుంచి చూసేవాడికి తెలుపే కనబడుతుంది.

రెండు చుట్లు బాగానే దిగాయి. మూడో చుట్టుకు హెలికాప్టరు కొండ మలుపు తిరిగి వస్తుండగా, దక్షిణం మూలలో ఏదో కదిలింది. తల మీద గంప, చంకలో చుట్టచుట్టిన నీలం తార్పాయి. మారమ్మ!

సొంత కొడుకు ఆ మూలలో నిలబడి ఉంటే ఆమెను ఊరి పొలిమేరలోనే ఆపేసేవాడు. ఇప్పుడు ఆపేవాడు చింతచెట్టు కింద వీపు తిప్పుకుని, ఫోనులో ఎవరితోనో లోడు సిమెంటు బేరమాడుతున్నాడు. ముసలామె సున్నపురాళ్ళు దాటింది. చోటు చూసుకుంది. తార్పాయి పరిచింది, నాలుగు మూలలూ సర్దింది, గంపలో రాగులు కుమ్మరించింది. చేట తీసుకుని, గాలి ఎటునుంచి వస్తుందో లెక్క చూసుకుని, పక్కకు జరిగి నిలబడింది. నలభై ఏళ్ళుగా కళ్ళంలో ఎలా నిలబడుతుందో అలాగే.

ఎగిరే గోనెసంచి అన్నాడు ఆఫీసరు. సంచికే అంత భయపడితే ఇంత తార్పాయి ఎగిరి ఆ రెక్కలకు చుట్టుకుంటే? పైనున్నవాళ్ళూ పోతారు, కిందనున్న ముసలామె కూడా పోతుంది.

"పెద్దమ్మా! ఓ పెద్దమ్మా! పక్కకు పో!"

ఆమె గొంతు ఆమెకే వినబడలేదు. గుణశేఖరన్ వైపు రెండు చేతులూ ఊపింది. వీపు కదలలేదు. హెలికాప్టరు దిగుతోంది. చేతిలో ఉన్నది పచ్చజెండా ఒక్కటే. దాన్ని కింద పారేసింది. పారేస్తే ఏం లాభం? పచ్చ లేకపోవడం ఎరుపు కాదు.

ఎరుపు. వ్యాను గుర్తుకొచ్చింది ఒక్క క్షణం. కడత్తూరు పసుపు మళ్ళు గుర్తుకొచ్చాయి. చిక్కణ్ణ రెండు చేతులతో అందించిన కర్ర గుర్తుకొచ్చింది. అప్పటికే ఆమె చేతులు చొక్కా లోపలికి పోయి కొంగును లాగుతున్నాయి. బారెడు కొంగు బయటికొచ్చింది. రెండు చేతులతో దాన్ని తల పైకెత్తి, కుడికీ ఎడమకూ ఊపుకుంటూ వలయం వైపే పరుగెత్తింది. తల్లీ శక్తీ, చూడమను, ఈ పక్కకు చూడమను!

హెలికాప్టరు గాలి తార్పాయి అంచును అందుకుంది. నీలం గుడ్డ ఒక పక్క లేచి పడింది. పొట్టు మబ్బులా ఎగసింది. మారమ్మ అబ్బా అన్నట్టు మొహమంతా వెలిగిపోయి చేట ఎత్తింది.

అంతలో ఆ యంత్రం ఒక్క ఊపున పైకి లేచింది. లేచి పక్కకు ఒరిగి, పడమటి వైపు తప్పుకుని దూరంగా పోయింది. తార్పాయి రాగులన్నీ పారబోసుకుని ఎగిరి, తుమ్మకంపకు తగులుకుని చిరిగింది. కన్నియమ్మ ఉన్నచోటనే కూలబడింది. ఊపిరి అందడం లేదు. మారమ్మ ఖాళీ నేలను, కంప మీది గుడ్డను మార్చి మార్చి చూస్తోంది.

గుణశేఖరన్ అప్పుడు పరుగెత్తుకొచ్చాడు. చూడగానే సంగతి అర్థమైంది అతనికి, మొహంలో నెత్తురు చుక్క లేదు. కానీ మాటలు అమర్చుకోవడంలో దిట్ట. కన్నియమ్మ పక్కన గొంతుక్కూర్చుని గబగబా చెప్పాడు. "నువ్వేం మాట్లాడకు. నీ కొంగు గాలికి ఎగిరింది, అంతే. ముసలామె సంగతి నేను చెప్పుకుంటా. నీ పని నీకుంటుంది, నా పని నాకుంటుంది. వింటున్నావా?"

ఆమె విన్నది. నిజానికి అది చెడ్డ బేరం కాదు. తల ఊపితే చాలు.

హెలికాప్టరు రేడియో బండి దగ్గర దిగింది, అందులోంచి కలైయరసన్ నడిచి వచ్చాడు. వెనకాల పైలట్ కుర్రాడు మణికంఠన్. మెడ మీద చెమట కారిపోతోంది.

"ఎరుపు ఎవరెత్తారు?"

"ఎవరూ ఎత్తలేదు సార్," అన్నాడు గుణశేఖరన్. "ఈమె శక్తి మాల వేసుకుంది కదా, కొంగు గాలికి ఎగిరింది. చిన్న పొరపాటు. రేపటి నుంచి ఈమెను వద్దంటాను సార్... లేదా ఇంకో రంగు కట్టుకోమంటాను."

కలైయరసన్ కుర్రాడి వైపు తిరిగాడు. "నువ్వేం చూశావు?"

"ఎరుపు సార్. జెండాలా లేదు. కానీ ఎరుపే. ఆపుదాం అని నేనే అన్నాను." అన్న తర్వాత కుర్రాడు కన్నియమ్మ కొంగు వైపు చూశాడు. గాలికెగిరిన చీరకొంగుకు భయపడి యంత్రాన్ని తిప్పినవాడినయ్యానా అన్న దిగులు ఆ మొహంలో కనబడుతోంది.

కన్నియమ్మకు ఆ దిగులు కొత్త కాదు. మొన్న చిక్కణ్ణ మొహంలో చూసింది. సరిగ్గా చేసినవాడే తల దించుకోవాలి, ఇదేం న్యాయం? ఒకసారి చీమల బారును చూస్తూ నిలబడింది చాలు.

లేచింది. చొక్కా మీది దుమ్ము దులుపుకుంది.

"గాలికి ఎగరలేదు సార్. నేనే ఎత్తినాను." మళ్ళీ కొంగు రెండు చేతులతో పట్టి తల పైకెత్తి చూపించింది. "ఇట్లా. ఆ తంబి చూసింది సరే. ముసలామె తార్పాయి పరిచింది, అందుకు ఎత్తినాను."

"జెండా ఎత్తలేదేం?"

ఆమె నోటితో చెప్పలేదు. గడ్డంతో మోటారుసైకిలు పెట్టె వైపు చూపించింది.

గుణశేఖరన్ ఏదో అనబోయాడు. మింగలేక కక్కలేక ఆగిపోయాడు. కలైయరసన్ వెళ్ళి పెట్టె మూత ఎత్తాడు. ఎర్రజెండాలు నాలుగూ చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టాడు. కేకలేస్తాడనుకున్నారు అందరూ. వేయలేదు.

"ఎప్పటి నుంచి?"

"మొన్నటి నుంచి సార్," అంది కన్నియమ్మ. మొదలు పెట్టింది కదా, ఇక దాచడం ఎందుకని మొత్తం చెప్పింది. "గొర్రెను చూసి ఎత్తినాడని చిక్కణ్ణను ఇంటికి పంపించినారు. ఆయనకు ఒళ్ళు బాగానే ఉంది సార్."

కలైయరసన్ రేడియో అందుకున్నాడు. "ఆపేయండి. నేను చెప్పేదాకా ఇక్కడ ఏదీ ఎగరదు, ఏదీ దిగదు."

కన్నియమ్మ ఒక అడుగు ముందుకేసింది. "అంతా నావల్లే ఆగిపోయిందా సార్?"

"నీవల్ల కాదమ్మా. ఇన్నేళ్ళుగా చూస్తున్నా, మేకలు తిరిగే నేల మీద రోజంతా ఒక్క ఎరుపూ లేవకపోవడం ఎక్కడా చూడలేదు. నిన్న ఇక్కడ చూశా. భయమేసింది. నిన్ననే ఆపాల్సింది. ఆపలేదు, అది నా తప్పు. ఇవాళ వీడితో, జెండాల్ని నమ్మకు, మనుషుల్ని చూడు అని మాత్రం అన్నా." కుర్రాడి భుజం మీద చెయ్యి వేశాడు. "సరిగ్గా చూశావు."

మణికంఠన్ అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు. కన్నియమ్మకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. కొంగుతోనే మొహం తుడుచుకుంది.

అయితే ఆ సంతోషం ఇల్లు చేరేసరికి సగమైంది. మర్నాడు ఆకాశం ఖాళీగా ఉంది. ఆ మర్నాడూ అంతే. టీకొట్టు దగ్గర ఒకటే మాట. కన్నియమ్మ చీరకొంగుతో ఎలికాప్టరును కట్టేసిందట అని కొందరు నవ్వారు. ఇక వాళ్ళు రారు, ఊరికొచ్చిన పని పోగొట్టింది అని కొందరు మొహం మీదే అన్నారు. మణిమేగలై ఎదురుపడి పలకరించలేదు. సెంగోడన్ మాత్రం ఆవుకు గడ్డి వేస్తూ, "రాకుంటే పోనీ. ముసలిది బతికింది కదా," అన్నాడు. అనేసి, వ్యాను ఎన్ని గంటలకని అడిగి వచ్చాడు.

మారమ్మ మెట్ట మీద రాగులు ఏరుకుంటోంది. మట్టీ గులకరాళ్ళూ కలిసిపోయిన గింజలను చేటలోకి ఎత్తి చెరుగుతోంది. కన్నియమ్మ పోయి పక్కన కూర్చుంది.

"నీకు బుద్ధుందా పెద్దమ్మా? సచ్చిపోతుంటివే!"

"తెలిస్తే పోతానా నేను? గాలేగదా అనుకుంటిని." ముసలామె మొహం చిన్నబోయింది. కాసేపటికి మాత్రం పక్కకు వంగి, రహస్యం చెప్పినట్టు అంది. "ఏమాటకామాటే చెప్పుకోవాల. సగం గింజ భలేగా తూరిందే!"

కన్నియమ్మ కోప్పడబోయి పకపకా నవ్వేసింది. నవ్వుతూనే తల ఎత్తి చూసింది. ఏమీ లేదు. చప్పుడు కూడా లేదు.

చప్పుడు ఆ తర్వాతి పొద్దున వచ్చింది. ముందు రేడియో బండి వచ్చింది, నలుగురినీ రమ్మని కబురు వచ్చింది. నలుగురినీ. చిక్కణ్ణ కొత్త తువ్వాలు భుజాన వేసుకుని ఎందుకైనా మంచిదని అందరి వెనకాల నిలబడ్డాడు.

గుణశేఖరన్ కూడా ఉన్నాడు. మోటారుసైకిలుకు పెట్టె లేదు. అతన్ని తీసేస్తారనే అందరూ అనుకున్నారు. కలైయరసన్ అన్నాడు, "ఈయన పోతే ఇంకొకరొస్తారు. వచ్చినవాడికీ ఎరుపంటే ఇదే భయం ఉంటుంది. ఈయన భయం వదిలిందేమో చూద్దాం. ఇవాళ్టి నుంచి ఈయన చేతిలోనూ జెండా ఉంటుంది. మీ మీద పెత్తనం కాదు, మీతో కాపలా."

తర్వాత చిక్కణ్ణను ముందుకు పిలిచాడు. ఎర్రజెండా తీసి, ఎవరు నేర్పారో, లేక ఆనాటి సంగతి ఎవరు చెప్పారో గానీ, రెండు చేతులతో అందించాడు. చిక్కణ్ణ రెండు చేతులతో అందుకున్నాడు. కన్నియమ్మకు కళ్ళు తడి అయ్యాయి.

"ఇవాళ ఒక పని చెయ్యాలి," అన్నాడు ఆఫీసరు. "మీ అయిదుగురూ ఒక్కొక్కసారి ఎరుపు ఎత్తాలి. గొర్రె ఉండకూడదు, మనిషి ఉండకూడదు. ఏమీ లేకుండా ఎత్తాలి. ఎప్పుడన్నది మీ ఇష్టం. మేం తిరిగిపోతాం. ఎందుకెత్తావని ఎవరూ అడగరు. ఈసారి నిజంగానే అడగరు."

హెలికాప్టరు మొదటి చుట్టుకు వచ్చేసరికే చిక్కణ్ణ జెండా ఎత్తేశాడు. ఆ మూల బాకీ తీరింది. తర్వాత సెల్వం. మణిమేగలై ఎత్తినప్పుడు అది వెనుదిరగడం చూసి తూర్పు మూల వైపు చెయ్యి ఊపి నవ్వింది. గుణశేఖరన్ నాలుగు చుట్లు వదిలేశాడు. చెయ్యి భుజం దాకా లేవడం, దిగడం. చివరికి కళ్ళు మూసుకున్నంత పని చేసి ఎత్తాడు. యంత్రం పైకి లేచి పోయింది. అతను జెండాను, ఆకాశాన్ని మార్చి మార్చి చూసుకున్నాడు. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. పైనుంచి ఏమీ ఊడిపడలేదు. జేబు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

ఇక మిగిలింది కన్నియమ్మ. ముసలామె కోసం ఎత్తడం ఆమెకు ఇంత కష్టం కాలేదు. ఆ పొద్దు చేతులు వాటంతట అవే లేచాయి. ఇప్పుడు నేల శుభ్రంగా ఉంది, గొర్రె లేదు, గుడ్డ పేలిక లేదు. సున్నపురాళ్ళకు చాలా అవతల, ఆమె వెనకాల, మారమ్మ ఒక్కతే ఖాళీ చేటతో కూర్చుని తమాషా చూస్తోంది. అంత దూరం నుంచి వచ్చే మనుషులను ఏ కారణమూ లేకుండా పొమ్మనడం ఎలా? అయినా, ఎప్పుడైనా కారణం అనుమానంగానే ఉంటుంది కదా. ఆ అనుమానం వచ్చిన రోజున చెయ్యి బరువెక్కకూడదంటే ఇవాళ అలవాటు కావాలి.

హెలికాప్టరు తాటిచెట్టంత ఎత్తుకు వచ్చింది. కన్నియమ్మ నిటారుగా నిలబడి ఎర్రజెండా ఎత్తింది.

అది ఆగింది. లోపల మణికంఠన్ మొహం కనబడింది, లేదా కనబడినట్టు అనిపించింది. మరుక్షణం ముక్కు పక్కకు తిప్పుకుని, వినయంగా, కొండ వైపు వెళ్ళిపోయింది.

చప్పుడు తగ్గాక వెనకనుంచి మారమ్మ కేకేసింది. "ఏముందనే ఎత్తినావు?"

"ఏమీ లేదు పెద్దమ్మా. ఊరికే."

"ఊరికేనా! ఊరికే ఎత్తితే అంతటిది తిరిగి పోయిందా?"

"పోయింది చూడు."

మారమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. కన్నియమ్మ నవ్వుకుంటూ అటు కొండ మలుపు వైపు చూసింది. హెలికాప్టరు తిరిగి వస్తోంది. ఆమె నాలుగు దిక్కులూ ఒకసారి చూసి, ఎరుపు దించి, పచ్చ ఎత్తింది.